చివుకుట - కుళ్ళుట

పశువుల ఎరువు కొనే రైతు 'బాగా చివికిందా?' అని అడుగుతాడే గాని 'కుళ్ళిందా?' అని అడుగడు. ఉర్దూలో ఖాద్ అన్నా, తెలుగులో ఎరువన్నా వస్తువొకటే. కాని మన భాష పాటించిన ఈ భేదంలో ఒక శాస్త్రవిషయం ఇమిడి ఉన్నది. దానిని మేము పుస్తకం వల్ల గాక పొరపాటు వల్ల తెలుసుకొన్నాము.

ఒక రంజాను మాసంలో ఇఫ్తారుకు కోసిన పుచ్చకాయల చెక్కులు, అరటి తొక్కలు, కూరగాయల తరుగు ప్రతిదినమూ పెరటి గుంటలో వేసి, పైన రేకు కప్పి, ఎరువు తయారగునని ఎదురు చూచాము. పది దినములు గడువకముందే దుర్గంధం బయలుదేరింది. పొరుగింటివారు మొదట కిటికీలు మూశారు, పిదప నోరు తెరిచారు. గుంట పూడ్చివేయుమని ఇంట్లో పెద్దల ఆజ్ఞ అయింది. వారం రోజుల గడువు కోరాము.

లోపమెక్కడ? చెత్తను చివికించే సూక్ష్మజీవులకు మనవలెనే గాలి కావలెను. ఆహారంలో వాటికి సుమారు 30 పాళ్ళు కర్బనానికి 1 పాలు నత్రజని అనుకూలం. వంటింటి తడి చెత్తలో నీరు, నత్రజని అధికం. ఎండుటాకులు, గడ్డి, రంపపు పొట్టులో కర్బనం అధికం. మా గుంటలో ఉన్నదంతా తడి చెత్తయే. సందులన్నీ నీటితో నిండి గాలి ఆడక, గాలి అక్కరలేని మరొక జాతి సూక్ష్మజీవులు రాజ్యమేలాయి. ఆ వాసన వాటి పుణ్యమే!

గుంటలోనిది పైకి తీసి, నేలమీదనే కుప్ప పోశాము. బుట్టెడు తడి చెత్తకు రెండు బుట్టల ఎండు వేపాకు, పైన గుప్పెడు పాత మన్ను, ఇట్లు వరుసలు వేశాము. గడువు ముగియకముందే వాసన అణగింది. వారానికొకసారి పారతో తిరగవేసేవారము. కుప్పలో గ్రుచ్చిన ఇనుపకమ్మి చేతికి వేడిగా తగిలేది. మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల కుప్పలో వేడి 55 నుండి 65 సెంటీగ్రేడు డిగ్రీల వరకు చేరగలదు. కలుపు విత్తనాలు చాలవరకు అక్కడే నశిస్తాయి. కుండలో చేసేవారికి ఈ వేడి లభించదు, కాలం ఎక్కువ పట్టును, అంతే. మాంసం, ఎముకలు మాత్రం ఎందులోనూ వేయరాదు. కుక్కలకు, ఎలుకలకు పిలుపు పంపినట్లే.

వరుసలు వేయుట, తిరగవేయుట మా కల్పన కాదు. 1924 నుండి 1931 వరకు ఇందూరులో ఆల్బర్ట్ హోవర్డు, యశ్వంత్ వాడ్ సహాయంతో రూపొందించిన పద్ధతికివే ఆధారం. ఈ దేశపు రైతులను హోవర్డు తన ఆచార్యులుగా భావించాడు.

రెండు నెలలకు పొరుగింటివారే మల్లెపాదుకు ఒక బుట్ట ఎరువు అడిగారు. ఇంకొక నెల ఆగుమన్నాము. సగం చివికిన ఎరువు వేస్తే సూక్ష్మజీవులు తమ పనికి నేలలోని నత్రజనిని లాగుకొనును, మొక్క పసుపుబారును. పిడికిట పట్టితే పొడిపొడిగా విడిపోవాలి, ఆకు ఆనవాలు తెలియరాదు, తొలకరి మట్టి వాసన రావాలి. జల్లెడలో మిగిలిన పుల్లలను మరల కొత్త కుప్పలో వేసుకోవచ్చును.