కోయుటకు ముందు ఊతమిమ్ము

వేదపాఠము: గలతీ 6:1-5, 2 కొరింథీ 2:5-8, యిర్మీయా 6:14



సంఘములో ఒకడు తప్పితములో చిక్కుకొనినప్పుడు మన గ్రామములలో రెండు మాటలు వినబడును. కొందరు, “పరువు పోవును, కప్పిపుచ్చుడి” అందురు. మరికొందరు, “వెలివేయుడి, పీడ విరగడగును” అందురు. అపొస్తలుడైన పౌలు ఈ రెండును చెప్పలేదు. అట్టివానిని సాత్వికముతో మంచి దారికి తేవలెనని గలతీయులకు వ్రాసెను. అక్కడ ఆయన వాడిన గ్రీకు క్రియాపదమే మత్తయి 4:21లో జెబెదయి కుమారులు వలలు బాగుచేసికొనుటనుగూర్చియు వాడబడినది. చినిగిన వలను జాలరి పారవేయడు. చినుగుతోనే సముద్రములో వేయడు. కూర్చుండి కన్ను కన్నుగా అల్లును.

ఈ బాగుచేయుట ఎట్టిదో తుప్పుపట్టిన పాత కారును ఇంటియొద్ద బాగుచేయువారి పనినిబట్టి ఈ మాసము నేర్చుకొందము.

ఇంగ్లండు దేశములోని ఆబింగ్డన్ పట్టణములో 1962 మొదలుకొని 1980 వరకు ఎమ్.జి.బి. అను చిన్న కారును చేసిరి. వాటిలో ఎక్కువ భాగము గుడ్డ పైకప్పును మడిచివేసి, తలమీద ఆకాశముతో నడుపుకొనదగినవి. ఆ కర్మాగారము 1980లో మూతపడెను. అయినను ఆ కార్లను ప్రేమించువారు నేటికిని తమ ఇండ్లయొద్ద షెడ్లలో వాటిని బాగుచేసికొనుచున్నారు. ఆ దేశమున చలికాలములో మంచు కరుగుటకై రోడ్లమీద ఉప్పు చల్లుదురు. ఇనుము, నీరు, గాలి కలిసిన చోట తుప్పు పుట్టును. ఉప్పు తోడైతే అది మరింత వేగముగా పెరుగును. సముద్రపు గాలికి సైకిళ్లు, ఇంటికప్పు రేకులు ఎట్లు చెడునో మన తీరగ్రామములవారికి తెలియును.

1. తుప్పు లోపలినుండి వచ్చును.

ఈ కారుకు లారీకివలె వేరుగా చట్రము లేదు. దాని బలమంతయు మడిచి అతికిన రేకులలో ఉన్నది. ముఖ్యముగా రెండు ప్రక్కల తలుపుల క్రింద, ముందు చక్రమునొద్దనుండి వెనుక చక్రమువరకు, లోపల డొల్లగానున్న పెట్టెవంటి దూలములున్నవి. బురదయు నీరును లోపల చేరి అక్కడనే తినివేయును. పైనున్న రంగు చాలకాలము నిగనిగలాడును. రంగుమీద చిన్న పొక్కు లేచునప్పటికి లోపలి రేకు తరచుగా జల్లెడయై యుండును. సహోదరుని పాపము మనకు కనబడిన దినమే పుట్టినదని తలంచకుడి. అది అనేక దినములు చీకటిలో పెరిగినది. మనలోను అట్టి డొల్ల స్థలములు కలవు గనుకనే పౌలు, నిన్ను నీవు చూచుకొనుమనెను.

2. రంగు వేయుట స్వస్థత కాదు.

కారును త్వరగా అమ్మగోరువాడు తుప్పుమీద లప్పము రాసి, రుద్ది, రంగు కొట్టును. కొన్ని మాసములలోనే పొక్కు మరల లేచును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక పై పూతను పగులగొట్టును. నమ్మకమైన పనివాడు సుత్తితో తట్టి, మొనగల పనిముట్టుతో పొడిచి చూచి, మెరయు మంచి ఇనుము తగులువరకు చెడినదంతయు కోసి, క్రొత్త రేకు వెల్డింగు చేయును. యిర్మీయా కాలమందు ప్రజల గాయమును పైపైన మాన్పి, సమాధానము లేనప్పుడు సమాధానమని పలికినవారు రంగు కొట్టువారే. పాపమును దాచుట ప్రేమ కాదు.

3. కోయుటకు ముందు ఊతము కావలెను.

ఇది పాఠములో ముఖ్యమైన సంగతి. గట్టి పైకప్పుగల కారులో ఆ కప్పు కొంత బరువు మోయును. ఈ కారుకు అది లేదు గనుక తలుపుల క్రింది దూలములే దాని వెన్నెముక. వాటిని తొందరపడి కోసినయెడల కారు నడుమ క్రుంగును, తలుపులు మూసికొనవు. క్రుంగినదానిని అట్లే అతికినయెడల ఆ వంకర నిలిచిపోవును. కాబట్టి తెలిసినవాడు కోయకముందే తలుపు స్థలములో ముందు స్తంభమునుండి వెనుక స్తంభమునకు ఇనుప కమ్మీ బిగించును. ఒక ప్రక్క ముగించిన తరువాతనే రెండవ ప్రక్క ముట్టును. మనమును ఇంటి దూలము మార్చునప్పుడు ముందు గుంజలు నిలుపుదుము గదా!

త్రాగుడులో పడిన సహోదరుని పెద్దలు విచారించి ప్రభురాత్రి భోజనమునుండి ఆపుదురు. అది అవసరము కావచ్చును. కాని ఆ రాత్రి అతని యింట ఎవరున్నారు? సాయంత్రము కల్లు దుకాణమువైపు అతని కాళ్లు లాగునప్పుడు ప్రక్కన నడచువాడెవడు? సిగ్గుచేత గుడికి రాని అతని భార్యయొద్ద కూర్చుండు అమ్మ ఎవరు? ఊతము లేకుండ కోసినందున ఒకని తప్పుకు ఇల్లంతయు క్రుంగును. పిల్లలును సంఘమునకు దూరమగుదురు. కొరింథు సంఘములో శిక్షపొందినవాడు అధిక దుఃఖములో మునిగిపోకుండ అతని క్షమించి ఆదరించుడని పౌలు వేడుకొనెను. ఒకని భారములు ఒకడు మోయుటయే ఆ ఇనుప కమ్మీ. అతని తప్పులన్నియు ఒక్క కూటములోనే విప్పకుడి. ఒక ప్రక్క నిలిచిన తరువాత మరియొకటి.

4. నీరు పోవు దారి మూయకుడి.

పని ముగిసిన తరువాత డొల్ల స్థలములలో మైనము చిమ్ముదురు. దూలముల అడుగున నీరు కారిపోవుటకు చిన్న రంధ్రములుండును. అవి పూడినయెడల క్రొత్త రేకును తుప్పుపట్టును. తప్పులు ఒకనితో ఒకడు ఒప్పుకొనవలెనని యాకోబు 5:16 నేర్పుచున్నది. విన్నదానిని బజారున చాటు సంఘములో ఆ రంధ్రములు మూసికొనిపోవును. ఎవడును నోరు తెరవడు. రహస్యమును కాపాడు చెవియు ఒక పరిచర్యయే.

కారును బాగుచేయుటకు మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. కారుకొరకు మనుష్యులు అంత ఓర్పు చూపుచుండగా, క్రీస్తు ఎవనికొరకు చనిపోయెనో ఆ సహోదరుని మనము ఒక్క ఆదివారములోనే తీర్పు తీర్చి విడుచుదుమా?

కూటములలో ఆలోచించుటకు:
1. మన సంఘములో రంగు కొట్టి విడిచిన గాయము ఏదైన ఉన్నదా?
2. ఇప్పుడు శిక్షలోనున్న వారి యింటికి ఈ వారము ఎవరు వెళ్లుదురు?
3. నమ్మి చెప్పుకొనిన మాటను మనము కాపాడుచున్నామా?

ప్రార్థన: ప్రభువా, మా లోపలి తుప్పును మాకు చూపుము. కోయు చేతికి సాత్వికమును, నిలుపు చేతికి బలమును దయచేయుము. పడినవారిని లేపు సంఘముగా మమ్మును చేయుము. ఆమేన్.