ఈగ దగ్గర నేర్చుకున్న తూకం

ముప్ఫై ఏళ్లపైన డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. పురుగు ఎలా ఎగురుతుందని అడిగితే రెక్కల సంగతే చెప్పేదాన్ని. పైకి లేవడం సగం పనే. ఒరిగితే ఆ సంగతి తెలుసుకుని సర్దుకోవడం మిగతా సగం. అది నాకు ఆలస్యంగా బోధపడింది. పురుగుల్ని చూసే అలవాటున్న వాళ్లకు పనికొస్తాయని ఈ ఆరు మాటలు.

1. కుదురంటే కదలకపోవడం కాదు.
పండు ఈగ ఒళ్లు మూడు మిల్లీమీటర్లు. చిన్న గాలి విసురు చాలు, దాన్ని తిప్పేయడానికి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఈగల వీపుకు సన్నని ఇనుప పుల్ల అతికించి, అవి ఎగురుతుండగా అయస్కాంత బలంతో పక్కకు తిప్పారు. 60 మిల్లీసెకన్లలో అవి మళ్లీ తమ దిక్కుకు తిరిగేశాయి. మనం రెప్ప వేయడానికే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. ఈగ ఒరగకుండా ఏమీ ఉండదు, ఒరిగిన ప్రతిసారీ దిద్దుకుంటుంది.

2. పనిలేనట్టు కనిపించే అవయవాన్ని ముందు చూడండి.
ఈగకు, దోమకు ఉన్నవి రెండే రెక్కలు. వెనక జత ఉండాల్సిన చోట గుండుసూదుల్లాంటి రెండు బుడిపెలుంటాయి. వాటినే హాల్టియర్లంటారు. వాటిని తీసేస్తే ఈగ నిలకడగా ఎగరలేదని 18వ శతాబ్దం మొదట్లోనే ప్రకృతి పరిశీలకుడు విలియం డెర్హామ్ రాశాడు. కారణం తేల్చి చెప్పింది 1948లో ప్రింగిల్ అనే శాస్త్రవేత్త. రెక్కలు పైకి పోతే బుడిపెలు కిందికి ఊగుతాయి. ఒళ్లు తిరిగిందా, ఊగే బుడిపె కాస్త పక్కకు లాగుతుంది. తాడు కట్టిన గుండును ఊపుతూ మీరు గిర్రున తిరిగి చూడండి, ఆ లాగుడు చేతికి తెలుస్తుంది. ఈగకు బుడిపె కాడ మొదట్లోని జ్ఞానకణాలు చెబుతాయి. వెంటనే రెక్కల్ని తిప్పే కండరాలు సర్దుకుంటాయి.

3. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పొద్దు.
వేగంగా తిరిగితే పసిగట్టేవి హాల్టియర్లు. మెల్లగా ఒరిగితే కనిపెట్టేవి కళ్లు. ఒకటి తడబడే చోట రెండోది పనికొస్తుంది. తూనీగకు బుడిపెలు లేవు. పెద్ద కళ్లకు తోడు నడినెత్తిన మూడు సరళ నేత్రాలున్నాయి. వెలుగు ఎటుందో, నేల ఎటుందో అవి చెబుతాయి.

4. అవయవం పేరు చూసి దాని పని తేల్చేయొద్దు.
స్పర్శశృంగాలు, అంటే మీసాలు, వాసనకూ తాకిడికీ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! 2007లో శాస్త్రవేత్త సంజయ్ సానే బృందం ఒక రకం హాక్ చిమ్మెట మీద ప్రయోగం చేసింది. మీసాలు కత్తిరిస్తే అది గోడలకు కొట్టుకుంది, వెనక్కి ఎగిరింది. ఆ ముక్కల్నే జిగురుతో తిరిగి అతికిస్తే మళ్లీ బాగా ఎగిరింది. వాసన తెలిపే నరాలు తెగిపోయాయి కదా! అంటే అక్కడ కావలసింది మీసం బరువే. దాని ఊపును మొదట్లోని జాన్‌స్టన్ అవయవం గ్రహిస్తుంది.

5. చెప్పిన పాఠం తప్పయితే ఒప్పుకోండి.
దీపాన్ని చంద్రుడనుకుని పురుగులు దారి తప్పుతాయని ఏళ్ల తరబడి చెప్పాను. హైస్పీడ్ కెమెరాలతో తీసిన దృశ్యాలు 2024లో వచ్చాయి. వాటిలో చాలా పురుగులు దీపం వైపు దూసుకుపోవడం లేదు, వీపును దీపానికి తిప్పుతున్నాయి. రాత్రయినా నేలకన్నా ఆకాశమే వెలుగు కనుక, వెలుగున్న వైపు వీపు పెడితే తూకం కుదిరేది. కోట్ల ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు. మనం వీధిలైటు పెట్టాక తప్పింది. దీపం పక్కనుంటే దాని చుట్టూ తిరుగుతాయి, కిందుంటే తలకిందులై పడిపోతాయి.

6. తెలిసింది ఇంటికి పనికి రావాలి.
పొద్దున వరండా ఊడ్చేటప్పుడు దీపం కింద రాలిన పురుగుల్ని చూసే ఉంటారు. పైకి వెలుగు చిమ్మే లైట్లు తీసేయండి. మిగిలినవాటికి పైన మూత పెట్టండి. అవసరం లేనప్పుడు ఆర్పేయండి.