జారు జారిపోకుండా

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. ఆలోపే మా మల్లన్న పాట బయటికి రావాలని తొందర. డోలు జనగామది, కీబోర్డు మానుకోటది, గొంతు భూపాలపల్లిది. ముగ్గురూ ఒక్క గదిలో కూర్చునే వీలు లేక పాట ఫైళ్ల రూపంలో తిరిగింది. నా కంప్యూటర్‌లో అది ఎలా కుదురుకుందో వరుసగా చెబుతాను.

ముందు డోలు. ఒగ్గుకథకు దేశమంతా పేరు తెచ్చిన చుక్క సత్తయ్యది జనగామ జిల్లా మాణిక్యపురమే. ఈ నేల మీద ఒగ్గు డోలును మెట్రోనోమ్‌కు కట్టెయ్యడానికి నాకు మనసొప్పదు. మా డోలు తాత కూడా చెవిలో టిక్కుటిక్కు వినగానే హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు. "మిషనే నా ఎంట నడవాలె బిడ్డా" అన్నాడు. అలాగే చేశాం. ఆయన ఇష్టం వచ్చినట్టు వాయించాక, రీపర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దరువు మొదటి దెబ్బ దగ్గరా ఒక టెంపో గుర్తు పెట్టుకుంటూ పోయాను. 96 దగ్గర మొదలైన నడక, ఊపందుకునే చోట 104 దాటింది. ఓపిక పట్టాల్సిన పని ఇది, పాటకు పునాది కూడా ఇదే.

తర్వాత మానుకోట నుంచి వాట్సాప్‌లో మిడి ఫైలు వచ్చింది. అందులో శబ్దమేమీ ఉండదు. ఏ నోటు ఎప్పుడు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న ఆజ్ఞలే ఉంటాయి. అందుకే కొన్ని కేబీలే తూగుతుంది. అసలు ఫైలును దాచిపెట్టి, నకలును ప్రాజెక్టులోకి లాగాను. ఫైలులోని టెంపోను కూడా తెచ్చుకోవాలా అని రీపర్ అడుగుతుంది. వద్దన్నాను. తెచ్చుకుంటే తాత నడక చెరిగిపోతుంది.

వాయిద్యంగా వేణువు పెట్టి విన్నాను. నోట్లన్నీ సరైనవే, పాట మాత్రం చప్పగా ఉంది. మానుకోట తమ్ముడికి వినిపిస్తే ఫోన్‌లోనే నొచ్చుకున్నాడు: "అన్నా, నేను పెట్టిన జారు ఏది?"

చిక్కంతా ఇక్కడే. 1983లో మిడి వచ్చినప్పుడు దాని ఊహంతా కీబోర్డు మీదే. నోట్లు 0 నుంచి 127 దాకా, మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒక స్వరం నుంచి మరో స్వరానికి పాకే జారు మన గొంతులో రెండు మెట్ల మధ్యే పుడుతుంది. ఆ మధ్య జాగాను పిచ్ బెండ్ మోస్తుంది. దానికి 16,384 విలువలున్నాయి, నడిమిది 8,192. అయితే కీబోర్డు మీది బెండ్ చక్రాన్ని చివరిదాకా తిప్పితే ఎన్ని మెట్లు కదలాలన్నది వాయిద్యమే తేల్చుకుంటుంది. తమ్ముడి కీబోర్డులో 12 మెట్లు, నా వేణువులో మామూలుగా ఉండే 2. అతను ఆరు మెట్లు పాకించిన జారు నా దగ్గర ఒక్క మెట్టుకే ఆగిపోయింది.

మందు సులువే. నా వేణువు బెండ్ రేంజ్ కూడా 12 మెట్లు కావాలని, ట్రాక్ మొదట్లో వరుసగా కంట్రోలర్ 101కి 0, 100కి 0, 6కి 12 రాశాను. ఆ తర్వాత 101, 100 రెంటికీ 127 ఇచ్చి తలుపు మూశాను. ఈ ఆజ్ఞను పట్టించుకోని సాఫ్ట్‌వేర్ వాయిద్యాలూ ఉంటాయి. వాటిలో బెండ్ రేంజ్‌ను చేత్తోనే మార్చాలి. జారు తిరిగొచ్చింది.

ఇక ఈవెంట్ లిస్ట్ తెరిచి మిగతావి చూశాను. వాల్యూమ్ పంపే కంట్రోలర్ 7ను తీసేశాను, మిక్సింగ్‌లో నా ఫేడర్‌తో కొట్లాడకుండా. ఊపిరి పెంచి తగ్గించే 11ను మాత్రం ముట్టుకోలేదు. వేణువు వేణువులా వినపడేది దానివల్లే. ఒకచోట తీగ వాయిద్యాలు ఆగకుండా మోగుతున్నాయి. ఫైలును మధ్యలో కత్తిరించినప్పుడు పెడల్ నొక్కిన ఆజ్ఞ మిగిలి, వదిలిన ఆజ్ఞ తెగిపోయింది. ఆ చరణం చివర కంట్రోలర్ 64కు 0 రాస్తే సద్దుమణిగింది.

క్వాంటైజ్ జోలికి పోవద్దని కొత్తవాళ్లను బతిమాలుతాను. నోట్లు గీతల మీదికి జరుగుతాయి, బెండ్ ఉన్నచోటే ఉండిపోవచ్చు. అప్పుడు జారు ఒకచోట, స్వరం ఒకచోట. డోలుకు దూరమైన నాలుగైదు నోట్లనే, వాటి బెండ్‌తో సహా పట్టుకుని చేత్తో జరిపాను.

భూపాలపల్లికి పైలట్ ట్రాక్‌ను వేవ్ ఫైలుగా, సున్నా నుంచి మొదలయ్యేలా పంపాను. ఎంపీ3 అయితే మొదట్లో పిసరంత ఖాళీ చేరి, గొంతు వెనకబడ్డట్టు కనిపిస్తుంది. అక్క మూడో రోజు పాడి పంపింది. రెండో చరణంలో మల్లన్న పేరెత్తే ముందు ఒక్క క్షణం ఆగింది. వేణువు ఆగలేదు. ఆ బెండ్ గీతను పట్టుకుని, అక్క ఊపిరి తీసుకున్న చోటి దాకా వెనక్కి లాగాను.