ఓజోన్ పొర: అందరిదీ ఒకే పైకప్పు



మే నెలలో రామగుండం, మంచిర్యాలలో ఎండ 45 డిగ్రీలకు చేరితే చాలు, "ఓజోన్‌కు చిల్లు పడింది, అందుకే ఈ మంట" అని మన విచారణలలో కొందరంటారు. అది సరికాదు. మనకు తగిలే వేడి వేరు, ఓజోన్ ఆపే కిరణాలు వేరు.

భూమికి సుమారు 15 నుండి 35 కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ వాయువు ఎక్కువగా ఉంటుంది. సూర్యుని నుండి వచ్చే హానికరమైన అతినీలలోహిత కిరణాలను అది చాలావరకు ఆపుతుంది. ఆ కిరణాలు కంటికి కనబడవు, ఒంటికి వేడిగానూ తగలవు. అవి ఎక్కువైతే కంటిశుక్లాలు, చర్మ క్యాన్సర్ పెరుగుతాయి, పైరులు దెబ్బతింటాయి. పొద్దంతా ఎండలో పత్తి ఏరే తల్లులకు నీడ ఏది?

ఈ పొరను చెరిపినవి మనిషి చేసిన వాయువులే. ఫ్రిజ్‌లలో, ఏసీలలో, స్ప్రే డబ్బాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్‌లు పైకి చేరి, విడిపోయి, క్లోరిన్‌ను వదులుతాయని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. ఒక్క క్లోరిన్ పరమాణువు వేలాది ఓజోన్ అణువులను నాశనం చేయగలదు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ బాగా పలచబడినట్లు బయటపడింది. దానినే 'చిల్లు' అన్నారు. అది మన నెత్తిమీద లేదు.

అయితే మనకేమి అంటారా? హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుండి 1987లోను, 1990లోను పంపిన బెలూన్లు పై గాలిని పట్టి తెచ్చాయి. అందులోనూ ఆ వాయువులున్నాయి! (ఈ కేంద్రం బెలూన్ల పరికరాలు పారాషూట్లతో దిగవచ్చని, ముట్టకుండా పోలీసులకు తెలపమని కరీంనగర్, ఆదిలాబాదు ప్రజలకూ ప్రకటనలు వస్తుంటాయి.) ఆ రోజుల్లో మన పల్లెల్లో ఫ్రిజ్ ఉన్న ఇళ్ళెన్ని? తప్పు ఒకచోట జరిగితే దాని నీడ మరొకచోట పడుతుంది.

1990 జనవరి 1న శాంతి దిన సందేశంలో జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు ఓజోన్ పొర తరిగిపోవడాన్ని ప్రస్తావించి, ఇది నైతిక సమస్య అని బోధించారు. అప్పటికే, 1987 సెప్టెంబరు 16న, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. పేద దేశాలకు సాయపడే నిధిని ధనిక దేశాలు సమకూర్చాయి. మన దేశం 1992లో చేరి, 2008లో క్లోరోఫ్లోరోకార్బన్‌ల ఉత్పత్తి ఆపివేసింది. ప్రపంచ దేశాలన్నీ ఇందులో చేరాయి. ఇలాగే సాగితే అంటార్కిటికాపై పొర 2066 నాటికి 1980 నాటి స్థితికి వస్తుందని 2023లో శాస్త్రజ్ఞులు తెలిపారు.

నా తప్పు ఒకటి చెప్పనివ్వండి. గురువునైన కొత్తలో విచారణ బంగ్లాలోని పాత ఫ్రిజ్ చెడిపోయింది. మెకానిక్ గొట్టం కోసి గ్యాసంతా బుస్సున గాలిలోకి వదిలాడు. నేను పక్కనే నిలబడి "ఎంతయింది?" అని మాత్రమే అడిగాను.

పాత ఏసీలలోని ఆర్-22 గ్యాసు నేటికీ ఓజోన్‌కు హాని చేస్తుంది. కొత్త గ్యాసులలో కొన్ని ఓజోన్‌ను ముట్టవు గాని భూమిని వేడెక్కిస్తాయి. కనుక మీ ఇంటికి మెకానిక్ వస్తే రెండు మాటలు చెప్పండి: "గ్యాసు గాలిలోకి వదలకు, సిలిండరులోకి పట్టు. కొత్త గ్యాసు నింపే ముందు లీకు ఎక్కడో చూసి మూయి."

పాపసంకీర్తనానికి ముందు ఆత్మపరిశోధన, ఆపై పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం ఉండాలని పిల్లలకు నేర్పుతాం. ఓజోన్ విషయంలో లోకం ఆ దారినే నడిచింది, గాయం మానుతోంది. ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత పిల్లలను అడగండి: మనకు కనబడని పొరుగువానికి మన ఇంటినుండి ఏ హాని పోతోంది?