కావడి లాంటి దేశం

కావడి మీరందరూ చూసే ఉంటారు. ఒక బద్ద. ఆ కొసన ఒక గంప, ఈ కొసన ఒక గంప. వియత్నాం ప్రజలు తమ దేశం కావడి లాంటిది అంటారు.

పటంలో చూడండి. మన దేశానికి తూర్పున, సముద్రం అవతల ఉంది వియత్నాం. పొడుగ్గా, సన్నగా ఉంది కదా! ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 1,650 కిలోమీటర్లు. నడుమ ఒకచోట వెడల్పు 50 కిలోమీటర్లే. ఉత్తరాన ఎర్ర నది మాగాణి. దక్షిణాన మెకాంగ్ నది మాగాణి. రెండు చోట్లా వరి బాగా పండుతుంది. అవే రెండు గంపలు. నడుమ ఉన్న కొండలు, సముద్రపు ఒడ్డు కావడిబద్ద.

మన దేశం నుంచి ఏటా ఎంతోమంది గుంపులుగా ఆ దేశం చూడటానికి వెళ్తున్నారు. దారి చూపే మనిషి చిన్న జెండా పట్టుకుని ముందు నడుస్తాడు. మనమూ ఆ గుంపులో ఉన్నామనుకుందాం. ఉత్తరాన ఎక్కి దక్షిణాన దిగుదాం. పదండి!

హనోయ్‌లో చదువుల గుడి

మొదట హనోయ్. ఇది వియత్నాం రాజధాని. ఇక్కడ 1070లో కట్టిన చదువుల గుడి ఉంది. గుడి ఆవరణలో రాతి తాబేళ్లు బారులు తీరి ఉంటాయి. ఒక్కో తాబేలు వీపు మీద ఒక్కో శాసనం. మొత్తం 82 శాసనాలు. రాజుల కాలంలో పెద్ద పరీక్షలు నెగ్గినవారి పేర్లు వాటి మీద చెక్కారు. ఆ పరీక్షలకు ఆడవాళ్లను రానిచ్చేవారు కాదు. కూలీనాలీ చేసుకునేవాళ్లలో చాలామందికి అక్షరమే తెలియదు.

తర్వాత ఫ్రెంచివాళ్లు ఆ దేశాన్ని ఏలారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం కూడా వచ్చి కూర్చుంది. 1945లో ఉత్తరాన ఘోరమైన కరువు వచ్చింది. దక్షిణాన బియ్యం ఉంది. కాని ఉత్తరానికి చేరలేదు. ఎందుకు? బాంబులు పడి రైలు దారి తెగింది. ఉన్న గింజలను పాలకులు లాక్కున్నారు. లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. ఒక గంపలో బియ్యం ఉన్నా, బద్ద విరిగితే రెండో వైపు ఆకలే!

ఆ ఏడాది సెప్టెంబరు 2న హో చి మిన్ అనే నాయకుడు స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఆరు రోజులకే, అంటే సెప్టెంబరు 8న, పెద్దవాళ్ల చదువు కోసం ఆజ్ఞలు వచ్చాయి. ఆకలి, చదువు లేకపోవడం, పరాయి సైన్యం – ఈ మూడూ దేశానికి శత్రువులే అన్నాడాయన. ఊరూరా రాత్రి బడులు పెట్టారు. చదువు వచ్చినవారు రానివారికి చెప్పారు. కాగితం దొరక్కపోతే అరటాకు మీద రాశారు. 1946 చివరికి దాదాపు 25 లక్షల మంది చదవడం, రాయడం నేర్చుకున్నారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు.

వాళ్ల గుణింతం

వియత్నాం వాళ్లు ఇంగ్లీషు అక్షరాల వంటివే రాస్తారు. వాటికి పైనా కిందా గుర్తులు పెడతారు. మనకు గుణింతం లేదా? అలాంటిదే. గుర్తు మారితే గొంతు మారుతుంది, అర్థమూ మారుతుంది. ‘మ’ అనే మాట చూడండి. గుర్తు లేకపోతే దయ్యం. పైన గీత ఒక వైపు వాలితే అమ్మ. అదే గీత రెండో వైపు వాలితే ‘కాని’. కింద చుక్క పెడితే వరి నారు! అమ్మకూ దయ్యానికీ మధ్య తేడా ఒక్క గీతే. అందుకే రాసేటప్పుడు తొందర పనికిరాదు.

విరిగిన బద్ద

హనోయ్‌లో రైలెక్కుదాం. దక్షిణాన ఉన్న హో చి మిన్ నగరానికి 1,726 కిలోమీటర్లు. దాదాపు ఒకటిన్నర రోజు ప్రయాణం. మనం మాత్రం నడుమ దిగి చూస్తూ పోదాం.

దారిలో బెన్ హాయ్ అనే నది వస్తుంది. చూడటానికి చిన్నదే. కాని 1954లో ఈ నది దగ్గరే దేశాన్ని రెండు ముక్కలు చేశారు. రెండేళ్లలో ఎన్నికలు పెట్టి కలుపుతామన్నారు. ఎన్నికలు జరగలేదు. యుద్ధం వచ్చింది. దక్షిణం వైపు అమెరికా సైన్యం దిగింది. అన్న ఒక ఒడ్డున, తమ్ముడు ఒక ఒడ్డున ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో!

దగ్గరలోనే విన్ మాక్ అనే ఊరు ఉంది. పైనుంచి బాంబులు పడుతుంటే ఊరివాళ్లు నేలలో మూడు అంతస్తుల సొరంగాలు తవ్వారు. బావి, వంటిల్లు, పురుటి గది అన్నీ లోపలే. ఆ చీకట్లో 17 మంది పిల్లలు పుట్టారు.

1975 ఏప్రిల్ 30న యుద్ధం ముగిసింది. కూలిన వంతెనలు మళ్లీ కట్టారు. 1976 డిసెంబరు 31న ఆ కొసనుంచి ఈ కొసకు రైలు మళ్లీ నడిచింది. బద్ద అతుక్కుంది. అయినా ఈ ప్రాంతంలో పేలని బాంబులు నేలలో ఇంకా ఉన్నాయి. పొలం దున్నే రైతుకు ఇప్పటికీ భయమే.

శివుడి గుళ్లు

కాస్త కిందికి వస్తే హ్యూ పట్టణం. 1802 నుంచి 1945 వరకు రాజులు ఇక్కడే ఉన్నారు. ఆ తర్వాత సముద్రం పక్కనే కొండ కనుమ దాటాలి. కనుమ అవతల మీసన్ అనే లోయ ఉంది. అక్కడ ఇటుకతో కట్టిన శివాలయాలు ఉన్నాయి. చంపా రాజులు వాటిని 4వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం వరకు కట్టించారు. సంస్కృత శాసనాలు కూడా ఉన్నాయి. పడవల మీద వెళ్లిన వ్యాపారులతో పాటు మన అక్షరాలూ సముద్రం దాటాయి. 1969లో ఈ గుళ్ల మీద బాంబులు పడ్డాయి. తర్వాత మన దేశపు పురావస్తు శాఖ వాళ్లు వెళ్లి కొన్ని గుళ్లు బాగుచేశారు. 2020లో పని చేస్తుండగా 9వ శతాబ్దపు శివలింగం బయటపడింది.

రెండో గంప

ఇప్పుడు హో చి మిన్ నగరం. దీని పాత పేరు సైగాన్. రోడ్డు నిండా మోటారు సైకిళ్లే! రోడ్డు దాటడం ఎలా? పరుగెత్తకూడదు. వెనక్కి తగ్గకూడదు. నెమ్మదిగా, ఒకే తీరున నడవాలి. బండ్లే పక్కకు తప్పుకుంటాయి.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడి డబ్బు పేరు డాంగు. మన ఒక రూపాయికి దాదాపు 300 డాంగులు. 20,000 నోటూ, 5,00,000 నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. మొదటిది మన 70 రూపాయలకు లోపు. రెండోది 1,600 రూపాయల పైమాట. రంగు చూసి ఇస్తే మోసపోతాం. సున్నాలు లెక్కపెట్టి ఇవ్వాలి.

చివరికి మెకాంగ్ మాగాణికి చేరాం. కాంథో నగరం దగ్గర నది మీదే సంత జరుగుతుంది. ప్రతి పడవకూ ఒక గెడ. గుమ్మడికాయలు అమ్మేవాళ్లు గెడకు గుమ్మడికాయ కడతారు. అనాస అమ్మేవాళ్లు అనాస కడతారు. అక్షరం లేని బోర్డు అన్నమాట! దూరం నుంచే తెలిసిపోతుంది. రోడ్లు పెరిగాక ఈ పడవలు తగ్గిపోతున్నాయి.

యుద్ధం అయ్యాక కూడా చాలా ఏళ్లు తిండిగింజలకు కటకటే. 1986లో ప్రభుత్వం పద్ధతులు మార్చింది. 1988లో సాగు బాధ్యత రైతు కుటుంబాలకే ఇచ్చింది. పంటలో ఎక్కువ పాలు వాళ్లకే. మరుసటి ఏడాదే, 1989లో, 10 లక్షల టన్నులకు పైగా బియ్యం బయటి దేశాలకు అమ్మారు. బియ్యం ఎక్కువగా అమ్మే దేశాల్లో ఇప్పుడు మన దేశం, థాయిలాండ్‌తో పాటు వియత్నాం కూడా ఉంది. అక్కడ 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 95 మందికి పైగా చదవగలరు.

మాట్లాడుకోండి
1. 1945లో దక్షిణాన బియ్యం ఉన్నా ఉత్తరాన ఆకలి ఎందుకు వచ్చింది?
2. పంటలో ఎక్కువ పాలు తనదే అయితే రైతు ఎలా సాగు చేస్తాడు? మీ ఊరి సంగతి చెప్పండి.
3. మీ సంతలో అక్షరం లేని గుర్తులు ఏవి ఉన్నాయి?

లెక్క చేయండి
ఒక కాఫీ 30,000 డాంగులు. మన డబ్బులో ఎంత? నలుగురు తాగితే ఎంత?

రాయండి
ఒక్క గుర్తు మారితే అర్థం మారిపోయే తెలుగు మాటలు ఐదు రాయండి.
ఉదాహరణ: పలు – పాలు.