తక్కువ వాల్యూమ్‌లోనూ నిండుగా వినిపించే స్టీరియో ఆంప్: కొనేముందు ఏం చూడాలి?

ఆఫీస్ కాల్స్ అయ్యేసరికి రాత్రి 11 దాటుతుంది, పక్క గదిలో అమ్మానాన్న పడుకుని ఉంటారు. నేను పాటలు వినేది ఆ టైమ్‌లోనే. అందుకే ఆంప్ ఎంత గట్టిగా మోగుతుందన్నది నాకు ముఖ్యం కాదు, మెల్లగా పెడితే ఎలా ఉంటుందన్నదే ముఖ్యం. మీదీ ఇదే పరిస్థితైతే ఈ నాలుగు విషయాలు చూడండి.

1. వాట్లు
సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ 1 వాట్‌తో, 1 మీటర్ దూరంలో 87 డెసిబెల్స్ ఇస్తుంది. ప్రతి 10 డెసిబెల్స్ తగ్గింపుకీ పవర్ పదో వంతు చాలు. అంటే మామూలు మాటల కంటే కాస్త ఎక్కువైన 67 డెసిబెల్స్‌కి 0.01 వాట్ సరిపోతుంది! మన అవసరానికి 50 వాట్లు, 100 వాట్ల మధ్య తేడా ఏమీ ఉండదు. ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టండి.

2. లౌడ్‌నెస్ కంట్రోల్
సౌండ్ తగ్గించగానే బేస్ మాయమైనట్టు ఉంటుంది కదా? అది ఆంప్ లోపం కాదు, మన చెవి తీరే అంత. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని గ్రాఫ్‌లుగా చూపించారు. లౌడ్‌నెస్ బటన్ ఆ లోటు పూడుస్తుంది. కాకపోతే ఆన్, ఆఫ్ మాత్రమే ఉంటే బేస్ ఒక్కోసారి మరీ ఎక్కువవుతుంది. యమహా ఏ-ఎస్301లో లాగా తిప్పే నాబ్ ఉంటే మేలు. అది లేకపోతే కనీసం బేస్, ట్రెబుల్ కంట్రోల్స్ అయినా ఉండాలి.

3. నాయిస్
100 వాట్ల దగ్గర 100 డెసిబెల్స్ సిగ్నల్-టు-నాయిస్ అని రాస్తే గొప్పగా కనిపిస్తుంది. కానీ వాల్యూమ్ కంట్రోల్ తర్వాతి స్టేజ్‌లో పుట్టే నాయిస్, మనం సౌండ్ తగ్గించినా తగ్గదు. నాయిస్ అంతా అక్కడిదే అనుకుంటే, 0.01 వాట్ దగ్గర మిగిలేది 60 డెసిబెల్సే. నిశ్శబ్దమైన రాత్రి, స్పీకర్ దగ్గరగా ఉంటే 'స్స్' శబ్దం తెలిసిపోవచ్చు.

4. వాల్యూమ్ నాబ్
మామూలు పొటెన్షియోమీటర్‌లో మొదటి కొద్ది తిప్పులో ఎడమ, కుడి చానెల్స్ సమానంగా ఉండకపోవచ్చు. పైగా సీడీ ప్లేయర్లు, చాలా డాక్‌లు 2 వోల్ట్‌లు ఇస్తాయి, ఆంప్‌కి 0.2 వోల్ట్‌లే చాలనుకోండి, నాబ్ కాస్త కదిపితేనే ఇల్లంతా మోగిపోతుంది. డాక్‌లో అవుట్‌పుట్ తగ్గించే ఆప్షన్ ఉంటే వాడండి, నాబ్‌కి తిరిగే చోటు దొరుకుతుంది.

షాప్‌లో డెమో గట్టిగానే పెడతారు. మొహమాటపడకుండా "కాస్త తగ్గించండి" అనండి. ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోగలిగే స్థాయిలో మీకు బాగా తెలిసిన పాట వినండి. గొంతు మధ్యలోంచే వస్తోందా, బేస్ గిటార్ లైన్ వినిపిస్తోందా చూడండి. తర్వాత పాట ఆపి, ట్వీటర్ దగ్గర చెవి పెట్టండి. ఇవన్నీ ఓకే అనిపిస్తేనే కార్డ్ బయటికి తీయండి.