రాత్రి కలిపి ఉదయం త్రాగే పాలు – సభ్యులు తీసుకోవలసిన జాగ్రత్తలు

పాల సంఘాల సభ్యుల కోసం మేము వ్రాసే పాఠాలు సాధారణంగా పాలు పితకడంతో మొదలై, సేకరణ కేంద్రంలో క్యాను దించడంతో ముగుస్తాయి. ఇంటి వాడకానికి ఉంచుకున్న పాల సంగతి సభ్యులకు బాగా తెలుసునని, అందులో మేము చెప్పవలసినదేమీ లేదని అనుకుంటూ వచ్చాము. అది పొరపాటని గత వేసవిలో ఒక గ్రామంలో మాకు తెలిసివచ్చింది.

సంఘం లెక్కల తనిఖీకి వెళ్ళి, ప్రొద్దుపోవడంతో ఆ రాత్రి ఒక సభ్యురాలి ఇంట్లో ఉండిపోయాము. ఆమె కుమారుడు పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి కష్టపడుతున్నాడు. మరునాడు ఉదయమే జిల్లా కేంద్రంలో దేహదారుఢ్య పరీక్ష, 1600 మీటర్ల పరుగు. రాత్రి తొమ్మిది గంటలకు ఆ తల్లి అర లీటరు పాలు కాచి, గోరువెచ్చగా అయిన తరువాత వేరుశనగ పొడి, అరటిపండు, బెల్లం వేసి మిక్సీలో తిప్పింది. స్టీలు సీసాలో పోసి మూత బిగించి వంటింటి గట్టు మీద పెట్టింది. "తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరాలి సార్, అప్పుడు తీరిక ఉండదు" అన్నది. ఇదంతా మేము చూస్తూనే ఉన్నాము. ఒక్క మాట కూడా చెప్పలేదు.

అబ్బాయి ఐదు గంటలకు బస్సులో ఆ పాలు త్రాగాడు. రుచిలో తేడా ఏమీ కనిపించలేదట. ఏడు గంటలకు మైదానంలో వరుసలో నిలబడి ఉండగానే వాంతులు పట్టుకున్నాయి. పరుగు మొదలయ్యే వేళకు అతను ఆసుపత్రిలో ఉన్నాడు. చూసిన వైద్యుడు ఆ పాలే కారణమన్నారు. సాయంత్రానికి కోలుకున్నాడు గాని, ఆ అవకాశం చేజారిపోయింది.

తరువాత కలిసినప్పుడు ఆ తల్లి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. "మా పాలు కేంద్రంలో ఒక్కనాడూ వెనక్కి పంపలేదు. కాచి మరీ పోశాను. మరి ఎట్లా చెడిపోయాయి సార్?" ఈ పాఠం ఆమె ప్రశ్నకు సమాధానం.

కాచిన పాలు ఎందుకు చెడతాయి?

పాలు కాచినప్పుడు వాటిలోని సూక్ష్మజీవులు చాలావరకు చనిపోతాయి. కాని కొన్ని రకాలు గట్టి విత్తనం వంటి రూపంలో ఆ వేడిని తట్టుకొని నిలుస్తాయి. పాలు గోరువెచ్చగా కాగానే అవి మొలకెత్తుతాయి. ఇవి కాక, కాచిన తరువాత మన చేతుల నుండి, మిక్సీ గిన్నె నుండి, అరటిపండు నుండి, పొడి నుండి క్రొత్తవి వచ్చి చేరుతాయి. వాటిని చంపడానికి ఆ పాలు మళ్ళీ పొయ్యి ఎక్కవు.

5 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉన్న వేడిలో ఇవి పెరుగుతాయి. అనుకూలమైన వేడిలో కొన్ని రకాలు 20 నిమిషాలకొకసారి రెట్టింపు అవుతాయి. లెక్క వేసి చూడండి. ఒక్క సూక్ష్మజీవి గంటకు 8, రెండు గంటలకు 64, నాలుగు గంటలకు 4,096 అవుతుంది. రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఐదు వరకు, అంటే ఎనిమిది గంటల్లో, ఈ లెక్కన కోటీ అరవై ఏడు లక్షలు దాటుతుంది. బెల్లం, పండు కలిసిన పాలు వాటికి మంచి ఆహారం. మూత బిగించిన సీసాలో వెచ్చదనం త్వరగా పోదు.

వాసన చూసి చెప్పగలం కదా అని కొందరు అంటారు. పచ్చి పాలు నిలవ ఉంటే పులుస్తాయి, విరుగుతాయి. అది మనకు హెచ్చరిక. కాచిన పాలలో ఆ పులిపించే జీవులు చాలావరకు ముందే చనిపోతాయి. కనుక కాచిన పాలు పులవకుండానే హానికరం కావచ్చు. ఏ కొద్ది తేడా ఉన్నా ఏలకులు, బెల్లం దానిని కప్పివేస్తాయి.

మళ్ళీ కాచి త్రాగితే సరిపోతుందని అనుకోవడం కూడా తప్పు. కొన్ని సూక్ష్మజీవులు పాలలో విషాన్ని విడిచిపెడతాయి. జీవులు మరుగులో చనిపోయినా, ఆ విషం మరుగుకు విరగదు. వాంతులు తెప్పించేది అదే.

కేంద్రంలో జరిగేది, ఇంట్లో జరగనిది

పితికిన పాలను వెంటనే కేంద్రానికి తెమ్మని మేము ఎందుకు పోరుతామో సభ్యులకు తెలుసు. కేంద్రంలో బల్క్ కూలరు పాలను 4 డిగ్రీలకు చల్లబరుస్తుంది. ఆ చలిలో సూక్ష్మజీవుల పెరుగుదల బాగా మందగిస్తుంది. ఆలస్యంగా వచ్చి, కాచి చూసినప్పుడు విరిగిన పాలను తిప్పి పంపుతాము. ఆ తల్లి కేంద్రానికి పోసిన పాలు, ఇంట్లో ఉంచుకున్న పాలు ఒకే గేదెవి. మొదటివి చల్లబడ్డాయి, రెండవవి రాత్రంతా వెచ్చగా ఉన్నాయి. తేడా అంతే.

పొడి పొడిగానే ఉండాలి

యువకులు ప్రొటీన్ షేక్ అని పిలిచే పానీయంలో ముందుగా చేసి దాచుకోదగినది పొడి మాత్రమే. తడి లేనిచోట సూక్ష్మజీవులు పెరగలేవు. ఇంట్లోనే ఇలా చేసుకోవచ్చు.

పుట్నాల పప్పు 500 గ్రాములు, వేరుశనగ గుళ్ళు 250 గ్రాములు తీసుకోవాలి. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుతలు పడినవి ఏరి పారవేయాలి. వేరుశనగ బూజులో ఉండే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పోదు. ఏరిన గుళ్ళను పశువులకు కూడా వేయకూడదు, ఆ విషం పాలలోకి వస్తుంది. మంచి గుళ్ళను సన్నని సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారిన తరువాత పొట్టు తీసి, పప్పుతోను నాలుగు ఏలకులతోను కలిపి పొడి చేయాలి. వేడి మీద పొడి చేస్తే ఆవిరి చెమ్మ డబ్బాలో చేరుతుంది. బెల్లం ఈ పొడిలో కలపకూడదు, అది చెమ్మ పీలుస్తుంది.

పూటకు 45 గ్రాముల చొప్పున ఇది దాదాపు 16 పూటలకు వస్తుంది. వేరుశనగలో నూనె ఉన్నందున అంతకు మించి నిలవ చేస్తే సిక్కువాసన వస్తుంది. పావు లీటరు పాలలో ఈ పొడి కలిపితే పాల నుండి సుమారు 8 గ్రాములు, పొడి నుండి సుమారు 10 గ్రాములు మాంసకృత్తులు లభిస్తాయి.

బజారులో కొన్న ప్రొటీన్ పొడికి కూడా ఇదే సూత్రం. డబ్బా మీద ముద్రించిన గడువు పొడికే గాని, పాలలో కలిపిన తరువాత వర్తించదు. తడి చెంచా డబ్బాలో పెట్టకూడదు.

రాత్రే కలపవలసి వస్తే

ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఈ వరుసలో చేయాలి.

1. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మిక్సీ గిన్నె, సీసా, మూతలోని రబ్బరు వాషరు విడదీసి వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. క్యాను మూత విషయంలో మేము చెప్పేదే ఇక్కడా వర్తిస్తుంది. మురికి దాగేది వాషరు క్రిందనే.

2. పాలు బాగా పొంగు వచ్చేదాకా కాచాలి. పాలగిన్నెను చన్నీళ్ళు పోసిన వెడల్పాటి పళ్ళెంలో ఉంచి, కడిగిన గరిటతో కలియబెడుతూ, నీళ్ళు రెండు మూడుసార్లు మార్చి త్వరగా చల్లార్చాలి.

3. చల్లారిన పాలలో పొడి కలిపి, మూత పెట్టి, వెంటనే ఫ్రిజ్‌లో లోపలి వైపు ఉంచాలి. తలుపు అరలో పెట్టకూడదు, తెరిచినప్పుడల్లా అక్కడ వేడి తగులుతుంది. అరటిపండు ఉదయమే కలుపుకోవాలి.

4. ఉదయమే త్రాగాలి. ఏ పరిస్థితుల్లోను 24 గంటలు దాటనీయకూడదు.

5. ఫ్రిజ్ నుండి తీసిన తరువాత రెండు గంటల్లోపల, ఎండకాలంలో గంటలోపల త్రాగాలి. మిగిలినది పారబోయాలి.

6. కరెంటు పోతే తలుపు తెరవకూడదు. మూసి ఉన్న ఫ్రిజ్‌లో చలి సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. అంతకు మించితే ఆ పాలు వాడకూడదు.

పచ్చి గ్రుడ్డు కలపడం మానుకోవాలి. దానిలో రోగకారక క్రిములు ఉండవచ్చు. ఉడికించిన గ్రుడ్డే బాగా జీర్ణమవుతుంది.

ఫ్రిజ్ లేనివారు, ప్రయాణం చేసేవారు

పొడిని పొట్లం కట్టి తీసుకువెళ్ళాలి. కాచి చల్లార్చిన నీటిలోగాని, చలి అక్కరలేకుండా నిలవ ఉండే అట్టపెట్టె పాలను అప్పుడే తెరిచిగాని, త్రాగే ముందు కలుపుకోవాలి. ఫ్లాస్కు ఉంటే దానిని మరిగే నీళ్ళతో తొలిచి, మరుగుతున్న పాలు నిండా పోసి, వేడిగా ఉండగానే మూడు గంటల్లో త్రాగాలి. గోరువెచ్చని పాలను మాత్రం ఎన్నడూ ఫ్లాస్కులో పోయకూడదు. బాగా తోడుకున్న పెరుగును చిలికి, అప్పటికప్పుడు పొడి కలిపి త్రాగడం మరొక మంచి పద్ధతి. పెరుగులోని పులుపు చాలా రోగక్రిములను పెరగనీయదు.

జ్ఞాపకముంచుకోవలసినవి

పొడి ముందు చేయండి, పాలు అప్పుడు కలపండి. ముందే కలిపితే త్వరగా చల్లార్చి చలిలో ఉంచండి. వాసన, రుచి నమ్మకండి. అనుమానం ఉంటే మళ్ళీ కాచకండి, పారబోయండి. పావు లీటరు పాల ఖరీదు పెద్దది కాదు.

సంఘ కార్యదర్శులు ఈ పాఠాన్ని సభ్యుల సమావేశంలో, ముఖ్యంగా మహిళా సభ్యులకు, చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. ఆ అబ్బాయి మళ్ళీ పరీక్షకు తయారవుతున్నాడు. మొన్న ఆ ఇంటికి వెళ్ళినప్పుడు గట్టు మీద పొడి డబ్బా, ప్రక్కనే బోర్లించి ఆరబెట్టిన ఖాళీ సీసా కనిపించాయి. మూత వాషరు విడిగా తీసి ఉంది. ఆ రాత్రి మేము చెప్పవలసిన నాలుగు మాటలు ఆలస్యంగా చెప్పాము. మీకు ముందే చెబుతున్నాము.